రబ్బరు అనొద్దట!

‘రబ్బరు’ అనకూడదట. ‘ఎరేజర్’ అనాలట. బెజవాడలో ఇంగ్లిష్ మీడియం పిల్లలున్న ఇళ్ళల్లో ఈ మాట కొన్నేళ్ళుగా వింటున్నాను. ఈమధ్య మా ఇంట్లోనూ విన్నాను. ఒకటో తరగతి పిల్ల పెన్సిలు డబ్బా సర్దుకుంటూ, ‘‘రబ్బరు కాదు నాన్నా, ఎరేజర్. రబ్బర్ బ్యాడ్ వర్డ్ అని మేడమ్ చెప్పారు’’ అంది. ఎందుకు బ్యాడో పిల్లకి తెలియదు. పెద్దవాళ్ళకి తెలుసు. అమెరికాలో ‘రబ్బర్’ అంటే కండోమ్. రేపెప్పుడో పిల్ల అక్కడికి వెళ్ళి, పక్క సీటువాణ్ణి రబ్బరు అడిగితే పరువు పోతుందని, ఇక్కడ ఒకటో తరగతిలోనే ముందు జాగ్రత్త!

‘‘ఒక చిన్న మాటకి ఇంత రాద్ధాంతమా?’’ అంటారని తెలుసు. మాట చిన్నదే. జరుగుతున్న పని చిన్నది కాదు. ఇంగ్లిష్ క్లాసులో ఇంగ్లిష్ మాటని దిద్దితే నాకేం అభ్యంతరం లేదు. బ్రిటన్‌లో ఇలా అంటారు, అమెరికాలో అలా అంటారు అని రెండూ చెప్తే ఇంకా మంచిది. కానీ ఇక్కడ దిద్దుతున్నది ఇంగ్లిష్‌ని కాదు. తెలుగింట్లో, తెలుగు వాక్యంలో, ‘‘అమ్మా, నా రబ్బరు ఏదీ?’’ అని అడిగిన పిల్ల నోటిని. ఇంకో దేశంలో ఆ ధ్వనికి ఒక బూతర్థం ఉంది కాబట్టి నువ్వూ, మీ అమ్మా, మీ తాతయ్యా ఇన్నాళ్ళూ అన్నది తప్పు అని చెప్పడం ఇది. ఈ లెక్కన పోతే ఇంగ్లిష్‌లో ‘పూ’ అంటే ఏమిటో అందరికీ తెలుసు. పూలు అనడం మానేద్దామా? పూజ అని పేరున్న ఆడపిల్లలందరికీ మళ్ళీ బారసాల చేద్దామా?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. రబ్బరు తెలుగు మాట. ఇంగ్లిష్ నుంచి వచ్చిన తెలుగు మాట. కృష్ణా డెల్టాలో దానికి పుట్టిన అర్థం ఇంగ్లిష్‌లో లేదు. ఇంగ్లిష్‌లో ఉన్న కొన్ని అర్థాలు ఇక్కడ లేవు. అలాంటప్పుడు దాని మంచిచెడ్డలు తేల్చాల్సింది ఎక్కడో ఉన్న క్లాస్‌రూమ్ కాదు, ఇక్కడ ఆ మాటతో పని చేసుకుంటున్నవాళ్ళు.

ముందు ఇంగ్లిష్ సంగతే చూద్దాం

ఎరేజర్ వాదుల దగ్గరున్న పెద్ద ఆయుధం ‘కరెక్ట్ ఇంగ్లిష్’. అది ఏ మాత్రం కరెక్టో చూద్దాం.

1736లో లా కొండమీన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దక్షిణ అమెరికా నుంచి ఈ పదార్థం నమూనాలు పారిస్‌కి పంపాడు. అక్కడి ఆదివాసుల మాటని తమ నోటికి అనువుగా మార్చుకుని ఫ్రెంచివాళ్ళు దాన్ని ‘కౌచూక్’ అన్నారు. 1770లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ (ఆక్సిజన్ పాఠంలో మనం చదువుకున్న ప్రీస్ట్‌లీయే) బొమ్మలు గీసేవాళ్ళ కోసం పర్‌స్పెక్టివ్ మీద ఒక పుస్తకం వేస్తూ అందులో చిన్న మాట చేర్చాడు. కాగితం మీద పెన్సిలు గీతల్ని శుభ్రంగా తుడిచేసే పదార్థం ఒకటి చూశానని, లండన్‌లో నెయిర్న్ అనే పరికరాల తయారీదారు దాన్ని అమ్ముతున్నాడని. అర అంగుళం ఘనపు ముక్క మూడు షిల్లింగులట. అంతకుముందు ఆ పనికి వాళ్ళు రొట్టె ముక్కలు వాడేవాళ్ళు. రుద్ది చెరిపేది కాబట్టి ‘రబ్బర్’ అనే పేరు స్థిరపడింది.

అంటే పదార్థం పేరు ముక్కకి రాలేదు. ముక్క పేరే పదార్థానికి వచ్చింది. టైర్లు, గ్లౌజులు, బోట్లు అన్నీ ఆ తర్వాతివి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేసే పద్ధతి కనిపెట్టేదాకా ఈ పదార్థం ఎండకి జిగురుగా కారేది, చలికి పెళుసెక్కి పగిలిపోయేది. ఎవరి గురించి మనం ఇంత భయపడుతున్నామో ఆ అమెరికన్లు ముసిముసిగా నవ్వుకునే వస్తువు రబ్బరుతో తయారవడం దాని తర్వాతి సంగతి. కాలక్రమంలో చూసినా, పుట్టుక ప్రకారం చూసినా, ఆ మాట మీద మొదటి హక్కు పెన్సిలు డబ్బాదే. బ్రిటన్‌లో బడిపిల్లలు ఇప్పటికీ రబ్బర్ అనే అంటారు, వాళ్ళ పరువేమీ పోలేదు. కాబట్టి మన స్కూళ్ళు నేర్పుతున్నది కరెక్ట్ ఇంగ్లిష్ కాదు. ఒక దేశపు సిగ్గు. దాన్ని కరెక్ట్ ఇంగ్లిష్ అని పేరు పెట్టి ఫీజు తీసుకుంటున్నారు.

మన నోట్లో పడ్డాక

ఇంగ్లిష్‌వాడి ‘రబ్బర్’లో రెండు బకారాలు రాతలోనే ఉంటాయి, పలుకులో ఉండవు. లండన్ ఉచ్చారణలో చివరి రకారం కూడా సరిగ్గా వినబడదు. మనం ఏం చేశాం? బకారాన్ని వత్తి పలికాం. రకారాన్ని నిలబెట్టాం. చివర ఉకారం తగిలించాం. బస్సు, కప్పు, పెన్ను, రోడ్డు ఏ దారిన వచ్చాయో ఆ దారిన తెచ్చుకున్నాం. ఇక అక్కణ్ణుంచి దానికి తెలుగు వ్యాకరణమే. రబ్బర్లు, రబ్బరుకి, రబ్బర్లో, రబ్బరుతో. టైరు టైర్లయినట్టు, కారు కార్లయినట్టు. పైగా చెట్టు నుంచి కారే ద్రవాన్ని ‘రబ్బరు పాలు’ అన్నాం. జిల్లేడు పాలు, మర్రి పాలు అన్న పద్ధతిలోనే. ఏ కమిటీ కూర్చుని ఆ మాట చెయ్యలేదు. తెలుగు తెలిసినవాడికి వేరే రకంగా అనాలని తోచదు, అంతే.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఇంగ్లిష్‌లో ఆ మాట ‘రుద్దు’ అనే క్రియ నుంచి పుట్టింది. తెలుగులోకి క్రియ రాలేదు, నామవాచకం ఒక్కటే వచ్చింది. మనకి రుద్దడం ఉంది, చెరపడం ఉంది, తుడవడం ఉంది, కొట్టెయ్యడం ఉంది. వాటిలో దేనితోనూ రబ్బరుకి చుట్టరికం లేదు. చెట్టు కూడా రాలేదు. 1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుంచి పట్టుకొచ్చిన గింజలు లండన్‌లోని క్యూ తోట మీదుగా ఆసియాకి చేరాయి. మన దేశంలో ఆ తోటలు ప్రధానంగా కేరళలో పెరిగాయి. రబ్బరు బోర్డు కొట్టాయంలో ఉంది. కృష్ణా డెల్టా నల్లరేగడిలో వరి, మినుము, చెరకు, అరటి ఉంటాయి గానీ రబ్బరు చెట్టు ఉండదు. మూలధాతువు లేదు, మొక్క లేదు. డెల్టాకి వచ్చింది ఒక శబ్దం, కొన్ని వస్తువులు. అర్థాన్ని ఇక్కడివాళ్ళే తయారు చేసుకోవాల్సి వచ్చింది. చేసుకున్నారు.

అరిగిపోయేది

ఒక చిన్న పరీక్ష చేద్దాం. రబ్బరుతో చేసిన వస్తువులన్నిటినీ మనం రబ్బరు అంటామా? అనం. టైరుని టైరనే అంటాం. లోపలిది ట్యూబు. గాలి ఊదేది బూర. పసిపిల్లల సీసాకి ఉండేది పాలపీక. ఎంత మంచి మాట చూడండి! దాన్ని ఏ రాజమండ్రి పండితుడూ కల్పించలేదు, పిల్లలకి పాలు పట్టే ఆడవాళ్ళు అన్నారు.

మరి దేన్ని రబ్బరు అంటాం? సైకిలు బ్రేకులకి ఉండే ముక్కలు, బ్రేకు రబ్బర్లు. పెడలు రబ్బరు. బండికి కిక్‌రాడ్ రబ్బరు. కుక్కరు మూతకి చుట్టూ పెట్టేది కుక్కరు రబ్బరు. కుళాయిలో నీళ్ళు ఆగకపోతే మార్చేది కుళాయి రబ్బరు. మిక్సీ జారు మూత కింద రబ్బరు. గచ్చు మీద గీతలు పడకుండా కుర్చీకాళ్ళకి తొడిగే రబ్బర్లు. బళ్ళో పిల్లల పెన్సిలు డబ్బాలో రబ్బరు.

వీటన్నిటినీ కలిపేది ఏమిటి? పదార్థమా? కాదు. ఇవాళ పిల్లలు కొనుక్కునే రబ్బర్లు చాలావరకు ప్లాస్టిక్‌తో, అంటే పీవీసీతో చేసినవి. కుక్కరు రబ్బరు సిలికాన్‌ది కావచ్చు. జడకి పెట్టుకునే రబ్బరులో పైకి కనబడేది గుడ్డే. అయినా అన్నీ రబ్బర్లే. కలిపేది పని. రెండు గట్టి వస్తువుల మధ్య ఉండాలి. రాపిడి, ఒత్తిడి తన మీద వేసుకోవాలి. అసలు వస్తువు చెడకుండా తను అరిగిపోవాలి. చవగ్గా ఉండాలి. తీసేసి ఇంకోటి వెయ్యడానికి వీలుగా ఉండాలి. జడరబ్బరు లాంటి ఒకటి రెండు ఈ లెక్కలో పూర్తిగా ఇమడకపోవచ్చు గానీ, తెలుగులో ‘ఒక రబ్బరు’ అన్నామంటే ఎక్కువసార్లు ఇదే. పిల్లల రబ్బరూ ఇంతే కదా. కాగితం చిరక్కుండా తప్పుని తీసేసి, తను పొట్టుగా రాలిపోతుంది.

ఈ అర్థం దగ్గరికి తీసుకెళ్ళేది ‘పోయింది’ అనే క్రియ. జవహర్ ఆటోనగర్‌లో బండి పక్కన గొంతుక్కూచున్న మెకానిక్ తల పైకెత్తి, ‘‘ఏం లేదండీ, రబ్బరు పోయింది’’ అంటాడు. మన ప్రాణం లేచొస్తుంది. ఇంజను కాదు, గేరు బాక్సు కాదు, రబ్బరు. పది ఇరవై రూపాయల్లో తేలిపోయే సంగతి. ‘రబ్బరు పోయింది’ అన్న వాక్యంలో జబ్బు పేరు, ఖర్చు అంచనా, ఓదార్పు మూడూ ఉన్నాయి. దీన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి చూడండి. ఒకచోట వాషర్ అనాలి, ఒకచోట గాస్కెట్ అనాలి, ఒకచోట బుష్, ఒకచోట ప్యాడ్. ఆ మాటలు మెకానిక్‌కి రావని కాదు. విడిగా చెప్పాల్సి వచ్చినప్పుడు వాషరూ, బుష్షూ, ఆయిల్ సీలూ అని చక్కగా చెప్తాడు. అవన్నీ తెలిసి కూడా వాటిపైన ఇంకో పెద్ద జాతిపేరు పెట్టుకున్నాడు. నేను చేసే ఉద్యోగంలో ఇలాంటి పనిని అబ్‌స్ట్రాక్షన్ అంటాం, ఇంటర్వ్యూల్లో అడుగుతాం. ఆటోనగర్‌లో చేస్తే దాన్ని అజ్ఞానం అంటున్నాం.

డెల్టాలో ఇంకొంచెం లోపలికి, రైసుమిల్లుకి వెళ్దాం. పాత హల్లరు మిల్లులో ధాన్యం ఇనుముతో రాపిడి పడేది. నూకలు ఎక్కువయ్యేవి, ఊకా తవుడూ కలిసిపోయి వచ్చేవి. తర్వాత రబ్బరు రోలర్ల షెల్లర్లు వచ్చాయి. రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. వాటి మధ్య సందులో పడ్డ గింజ మీద ఊక ఊడొస్తుంది, బియ్యం విరగడం తగ్గుతుంది. ఊక వేరుగా పోతుంది. ఆ తర్వాత పాలిష్‌లో దిగే తవుడు శుభ్రంగా ఉంటుంది కాబట్టి నూనె తియ్యడానికి పనికొస్తుంది. ఇందుకు చెల్లించే ధర ఒకటే, ఆ రబ్బరు అరిగిపోతుంటుంది. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది కాబట్టి రెండిటినీ అటూ ఇటూ మార్చి వేస్తారు, పూర్తిగా అరిగాక కొత్తవి వేస్తారు. మన కంచంలో అన్నం మెతుకు నిండుగా ఉందంటే ఎక్కడో కొంత రబ్బరు అరిగిందన్నమాట. కుక్కరు మూత నుంచి మిల్లు దాకా అర్థం ఒక్కటే. లండన్ ‘రుద్దేది’ అంది. డెల్టా ‘అరిగేది’ అంది. ఒకే పనిని వాళ్ళు చేసేవాడి వైపు నుంచి చూస్తే, మనవాళ్ళు ఖర్చయ్యేదాని వైపు నుంచి చూశారు.

విశేషణంగా వాడినప్పుడు మాత్రం అర్థం వేరే. రబ్బరు చెప్పులు, రబ్బరు బంతి, రబ్బరు గొట్టం. అక్కడ పదార్థం గుణమే ముఖ్యం. వంగుతుంది, నీళ్ళకి పాడవదు, నొక్కినా మళ్ళీ మామూలుకి వస్తుంది. పార్వతీపురం దగ్గర జంఝావతి మీద 2006లో ప్రారంభమైన రబ్బరు డ్యామ్‌ పేరు ఈ లెక్కలోదే. ఒడిశాలో భూములు మునుగుతాయన్న తగాదా తెగలేదు కాబట్టి, కావలసినప్పుడు ఉబ్బించి, వద్దన్నప్పుడు కిందికి దించే రబ్బరు తిత్తిని ఏటికి అడ్డం వేశారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. అటు బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది. ఆ రోజుల్లో మేడల మీద చిక్కుకున్నవాళ్ళు ఎదురుచూసింది రబ్బరు బోట్ల కోసం. ఆ నీళ్ళల్లో నిలబడి ‘బోటు’ అని అరిచినవాళ్ళకీ, ‘రబ్బరు బోటు’ అని అరిచినవాళ్ళకీ తేడా తెలుసు. సందుల్లోకి రాగలిగేది రెండోదే.

మనం తీసుకోని అర్థాలు

అరువు తెచ్చుకోవడం అంటే ఇచ్చిందల్లా పుచ్చుకోవడం కాదు. మనవాళ్ళు ఏం తీసుకోలేదో చూస్తే ఆ మాట ఎంత మనదయిందో ఇంకా బాగా తెలుస్తుంది.

పేకాటలో, బ్రిడ్జ్ ఆడేవాళ్ళకి ‘రబ్బర్’ అంటే కొన్ని ఆటలు కలిసిన ఒక పోటీ. డేవిస్ కప్ టెన్నిస్‌లో ఒక్కో మ్యాచ్‌ని రబ్బర్ అంటారు. ఆ మాట పుట్టుకే వేరు, పెన్సిలు రబ్బరు కన్నా ముందునుంచీ ఇంగ్లిష్‌లో ఉంది. అది మనకి రాలేదు. ఎందుకంటే డెల్టా క్లబ్బుల్లో పేకాట అంటే రమ్మీ, బ్రిడ్జ్ కాదు. ఫలితం ముందే తేలిపోయాక మొక్కుబడిగా ఆడే ఆటని ఇంగ్లిష్ పత్రికలు ‘డెడ్ రబ్బర్’ అంటాయి. తెలుగు స్పోర్ట్స్ పేజీల్లో దాన్ని ‘చచ్చిన రబ్బరు’ అని ఎవరూ రాయలేదు. ‘నామమాత్రపు మ్యాచ్’ అని రాశారు. డెస్కులో కూర్చున్న ఆ అజ్ఞాత సబ్ ఎడిటరుకి నా నమస్కారం. ఎక్కడ ఇంగ్లిష్ మాట ఉంచాలో, ఎక్కడ వదిలెయ్యాలో ఆయనకి తెలుసు.

ఇక ఆ బూతర్థం. 1968లో కేంద్ర ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కోసం చవక ధరకి కండోమ్‌లు అమ్మడం మొదలుపెట్టింది. వాటి పేరు ‘నిరోధ్’. సంస్కృతం మాట. గోడల మీద, రేడియోలో, ఆరోగ్య కేంద్రాల్లో ఆ పేరు ఎంతగా తిరిగిందంటే తెలుగులో ఆ వస్తువుకి అదే పేరైపోయింది. ఒక తరం వాళ్ళకి సిగ్గు పుట్టించే మాట ఏదైనా ఉంటే అది నిరోధ్, రబ్బరు కాదు. ‘నిరోధం’, ‘నిరోధించు’ అన్న మాటల్ని ఆ సిగ్గుతో మనం వదిలెయ్యలేదు. పోలీసులు అల్లర్లు నిరోధిస్తూనే ఉన్నారు, పేపర్లు రాస్తూనే ఉన్నాయి. మన సొంత సిగ్గుకే మాటల్ని బలి ఇవ్వనివాళ్ళం, పక్కింటివాడి సిగ్గుకి ఎందుకు ఇవ్వాలి?

రబ్బరు స్టాంపు సంగతి ఇంకో రకం. అది మాట, వస్తువు, వ్యంగ్యం అన్నీ కలిసి వచ్చింది. దాన్ని నా ‘అరిగే’ సూత్రంలోకి లాగను. కానీ ఆ వ్యంగ్యానికి ఇక్కడ కొత్త ఒంపు వచ్చింది. రిజర్వేషన్‌తో గెలిచిన మహిళా సర్పంచ్ పేరు బోర్డు మీద ఉంటుంది, కుర్చీలో భర్త కూర్చుంటాడు. ‘‘ఆవిడ రబ్బరు స్టాంపేనండీ’’ అని ఊరంతా తేలిగ్గా అనేస్తారు. రాష్ట్రపతి గురించి ఢిల్లీలో అనే మాటే ఇక్కడ భర్త చేసిన తప్పుని భార్య మీదకి నెడుతోంది. ఒక మాటని పట్టించుకోవాలీ, దిద్దాలీ అనుకునే స్కూళ్ళు నిజంగా ఉంటే ఈ వాడుకని పట్టించుకోవచ్చు. పెన్సిలు డబ్బా జోలికి రానక్కర్లేదు.

సాహిత్యం, సినిమా సమీక్షలు రాసే మనం కూడా కొంచెం చూసుకోవాలి. ‘కథని రబ్బరులా సాగదీశాడు’ అని రాస్తుంటాం. సాగి సాగి సన్నబడిపోయి, వేళ్ళకి అంటుకుని, తిరిగి వెనక్కి రానిది జీడిపాకం. రబ్బరు సాగుతుంది, వదిలితే మొదటికొస్తుంది. నాలుగొందల ఎపిసోడ్ల తర్వాత సీరియల్లో కోడలు మొదటి ఎపిసోడ్‌లో నిలబడ్డచోటే నిలబడితే అది రబ్బరు. కథే మర్చిపోయి ఎటో కారిపోతే అది జీడిపాకం. ఊళ్ళో అరుగు మీద కూర్చుని టీవీ చూసేవాళ్ళు ఈ తేడా పాటిస్తారు. సమీక్షకులం పాటించం.

ఇంకోవైపు నుంచి వచ్చే పోటు

ఎరేజర్ వాదుల్ని తిట్టినంతసేపూ చప్పట్లు కొట్టే ఒక వర్గం ఉంది. అచ్చ తెలుగు వాదులు. ‘‘అదే కదా మేం చెప్పేది, అసలు ఆ ఇంగ్లిష్ మాటలే వద్దు, మనవే కల్పించుకుందాం’’ అంటారు. వాళ్ళతోనూ నాకు పేచీయే.

రేపు ఎవరైనా రబ్బరుకి ‘సాగుబంక’ అని మాట కల్పించారనుకోండి. సాగేది, చెట్టు బంక లాంటిది, బాగానే ఉందనిపిస్తుంది. ఉయ్యూరులోనో, గుడివాడలోనో ఒక రైతుని అడగండి. సాగు అంటే వరి సాగు, మినుము సాగు. సాగుబంక అంటే ఎరువుల కొట్లో దొరికే మందనుకుంటాడు. తప్పు రైతుది కాదు. మాటని నిఘంటువులోంచి తీశారు, పొలం గట్టు మీద ఒకసారి పలికి చూడలేదు.

రాసుకునే బల్ల మీద ఏమున్నాయో చూద్దాం. కాగితం పార్సీ నుంచి వచ్చింది. కలం, కుర్చీ అరబ్బీ నుంచి. అలమర పోర్చుగీసు నుంచి. పెన్సిలు, రబ్బరు ఇంగ్లిష్ నుంచి. బందరు రేవుకి పార్సీ వర్తకులు, డచ్చివాళ్ళు, ఇంగ్లిష్‌వాళ్ళు వచ్చిపోయిన దేశం ఇది. 1611లోనే ఇంగ్లిష్‌వాళ్ళు అక్కడ వర్తకం మొదలుపెట్టారు. కాగితాన్ని, కలాన్ని లోపలికి రానిచ్చి, రబ్బరు దగ్గర తలుపు వెయ్యడంలో న్యాయం ఏముంది? ముందొచ్చినవాళ్ళు మనవాళ్ళు, తర్వాతొచ్చినవాళ్ళు పరాయివాళ్ళా?

మాటలు కల్పించుకోవద్దని నేననడం లేదు. మిరపకాయ అమెరికా నుంచే వచ్చింది. అప్పటికే మనకి తెలిసిన కారం మిరియం, ఆ పేరునే సాగదీసి మిరప అనుకున్నాం. పాలపీక, రబ్బరు పాలు, నామమాత్రపు మ్యాచ్ అన్నీ కల్పించుకున్నవే. తేడా ఒకటే. వాటిని కల్పించినవాళ్ళకి ఆ వస్తువుతో ఆ రోజు పని ఉంది. ఎరేజర్ అనమనేవాళ్ళూ, సాగుబంక అనమనేవాళ్ళూ పైకి శత్రువుల్లా కనిపిస్తారు గానీ ఇద్దరూ చేసేది ఒకటే. ఆటోనగర్ మెకానిక్ నోట్లో, మిల్లు కూలీ నోట్లో ఉన్న మాటని లాక్కుని, ‘నీది సరైంది కాదు, ఇదిగో సరైంది’ అని ఇంకోటి పెట్టడం.

నిఘంటువులో ఒక అరుగు

మరి సరైందేదో చెప్పాల్సిన నిఘంటువులు ఏం చేశాయి? సూర్యరాయాంధ్ర నిఘంటువు తయారైనప్పుడే, గ్రంథాల్లో లేని వాడుక మాటల్ని బయట నిలబెట్టారని వ్యావహారికవాదులు గొడవపెట్టారు. ఆ గొడవకి చేతల్లో వచ్చిన గొప్ప జవాబు భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. ఊళ్ళు తిరిగి, పనిచేసేవాళ్ళని అడిగి, ఏ వస్తువుని ఎక్కడ ఏమంటారో రాసుకుని చేసిన పని. 1971లో చేనేత పదాలు వచ్చాయి. తర్వాత మరికొన్ని వృత్తులవి. మాట అర్థం గ్రంథాల్లోనే కాదు, మాట్లాడేవాడి దగ్గర కూడా ఉంటుందని ఒప్పుకున్న పని అది.

ఆ పద్ధతి ఆటోనగర్‌ని, పంక్చరు షాపుని, రైసుమిల్లుని కూడా చూడాలి. నాగలికి ఎన్ని భాగాలున్నాయో, ప్రాంతం మారితే పేరెలా మారుతుందో మనకి అచ్చులో ఉంది. ఆ నాగలి ఇప్పుడు పొలంలో కనబడదు. ట్రాక్టరు కింద పడుకున్న కుర్రాడు రోజూ వాడే మాటల్ని మాత్రం ఇంగ్లిష్ ముక్కలని తీసిపారేస్తున్నాం. అవి ఇంగ్లిష్ ముక్కలు కావని చూపించడానికే ఇంతసేపూ ఒక్క రబ్బరు గురించి చెప్పుకొచ్చాను. సొల్యూషను, ప్యాచి, బుష్షు, సీలు, బెల్టు... ఒక్కోదాని వెనకా ఇంత కథ ఉండి తీరుతుంది.

నన్నడిగితే నిఘంటువులో ఆరోపం ఇలా ఉండాలి. రబ్బరు, నామవాచకం, బహువచనం రబ్బర్లు. ఒకటి, ఒకరకం చెట్టు పాల నుంచి గానీ, రసాయనాల నుంచి గానీ తయారయ్యే, సాగి మళ్ళీ మామూలయ్యే పదార్థం. రెండు, పెన్సిలు గీతలు చెరిపే ముక్క. మూడు, యంత్రాల్లో, సామాన్లలో రెండు భాగాల మధ్య ఉండి, రాపిడి తను భరించి అరిగిపోయే, మార్చుకోదగిన ముక్క. ప్రయోగం: ‘కుక్కరుకి రబ్బరు పోయింది.’ నాలుగు, జడకి గానీ, కట్టకి గానీ వేసే సాగే పట్టీ. ఐదు, సమాసాల్లో: రబ్బరు పాలు, రబ్బరు స్టాంపు, రబ్బరు బోటు. ఈ మూడో అర్థం కోసం ఎన్ని నిఘంటువులు వెతుకుతారో వెతకండి. ఫోనులో పెట్టుకున్న అనువాద యాప్‌నీ అడగండి. ‘రబ్బరు పోయింది’ అంటే రబ్బరు పారిపోయిందనో, ఎగిరిపోయిందనో చెప్పినా ఆశ్చర్యం లేదు. దానికి మనం ఏం రాసి పెట్టాం గనక?

‘‘పిల్లలు రేపు బయటికి వెళ్ళాలి కదండీ’’ అంటారు తల్లిదండ్రులు. వెళ్ళనివ్వండి. డాలస్‌లో ఎరేజర్ అంటారు, లండన్‌లో రబ్బర్ అంటారు, ఇంట్లో రబ్బరు అంటారు. ఆరేళ్ళ పిల్ల ఈ మూడూ గుర్తుపెట్టుకోగలదు. తాతయ్యని మీరు, తమ్ముణ్ణి నువ్వు అనాలని మూడేళ్ళకే నేర్చుకున్న బుర్ర అది. గుర్తుపెట్టుకోలేనిది, పెట్టుకోకూడనిది ఒకటే: ఇంట్లో అమ్మ మాట్లాడేది బ్యాడ్ వర్డ్ అన్న సంగతి. ఇవాళ రబ్బరు. రేపు ఇంకో మాట. అలా ఒక్కోటీ తీసేస్తూ పోతే ఆ పిల్లకి తెలుగులో మాట్లాడాలంటేనే జంకు పుడుతుంది. ఆ జంకు చదువుల్లో, ఉద్యోగాల్లో ఎక్కడిదాకా వెంట వస్తుందో మా ఆఫీసు మీటింగుల్లో రోజూ చూస్తున్నాను. విషయం తెలిసి కూడా, నోరు తెరిస్తే ఏ మాట తప్పవుతుందో అని కెమెరా ఆపేసి కూర్చునే డెల్టా కుర్రాళ్ళని.

అందుకని స్కూళ్ళకి నా విన్నపం చిన్నదే. ఇంగ్లిష్ పీరియడ్‌లో మీ ఇష్టం, ఎరేజరే నేర్పండి. తెలుగు పీరియడ్‌లో ఒకరోజు పిల్లలందరికీ ఒక పని ఇవ్వండి. ఇంటికి వెళ్ళి, ఎక్కడెక్కడ రబ్బరు ఉందో, దాన్ని ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారో, అది పోతే ఏమవుతుందో అడిగి రాసుకురమ్మనండి. అమ్మమ్మని, ప్లంబరుని, సైకిలు షాపాయన్ని అడగనివ్వండి. నలభైమంది పిల్లలు నలభై కాగితాలు తెస్తారు. ఏ విశ్వవిద్యాలయమూ ఇంకా చెయ్యని పదకోశం మొదటి చిత్తుప్రతి అదే అవుతుంది. అందులో కొట్టివేతలు, దిద్దుబాట్లు ఎలాగూ ఉంటాయి. పెన్సిలుతోనే రాయమనండి, పక్కన రబ్బరు పెట్టుకుని.